పాక్ అయిన తోలు

మా ఇంట్లో ఒక అబద్ధం ఉండేది. మా దాదా ఖుష్‌నవీస్ అని, అంటే ముత్యాల్లాంటి అక్షరాలు రాసే కాతిబ్ అని అందరికీ చెప్పుకునేవాళ్లం. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు మరీ గట్టిగా చెప్పేవాళ్లం. ఖానాపూర్‌లో పాత ఇల్లు విప్పినప్పుడు దాదా రేకు పెట్టె బయటపడింది. అందులో కలం లేదు, దవాత్ లేదు. ఇత్తడి ఠప్పాలున్నాయి. ఒకటి బాదంకాయ ఆకారం, ఒకటి ఎనిమిది రేకుల పువ్వు, ఒకటి మూలకు వేసే తీగ. మా దాదా పుస్తకాలు రాసినవాడు కాదు, పుస్తకాలకు తోలు అట్ట కట్టినవాడు. జిల్ద్‌సాజ్.

ఇందులో దాచుకోవాల్సిందేముంది?

చరిత్ర చూస్తే ఏమీ లేదు. ట్యునీషియాలోని కైరవాన్ పెద్ద మసీదులో 9వ శతాబ్దం నాటి తోలు అట్టలు దొరికాయి. 15వ శతాబ్దానికి హెరాత్ పనివాళ్లు చిన్న ఠప్పాను వందలసార్లు కొట్టే బదులు పెద్ద అచ్చుతో ఒకే నొక్కులో అట్ట నడుమ పతకం తీయడం నేర్చారు. ఆ పతకాన్ని తురంజ్ అంటారు. వేడి పనిముట్టుతో తోలు మీద బంగారం అద్దే విద్య కూడా ఆ శతాబ్దంలోనే ముస్లిం ప్రపంచం నుంచి ఇటలీకి పోయింది. కానీ పాత చేతిరాత గ్రంథం విప్పి చూడండి. రాయించిన నవాబు పేరుంటుంది. చివరి పుటలో కాతిబ్ పేరుంటుంది. అట్ట కట్టినవాడి పేరు కనబడడం చాలా అరుదు. మావాళ్లు దాదాను కాతిబ్‌ను ఎందుకు చేశారో నాకు అక్కడ అర్థమైంది.

నలభై దాటినంక ఆ ఠప్పాలు పట్టుకొని పని నేర్చుకుందామని బయల్దేరాను. మావాళ్లలో నేర్పేవాళ్లు మిగల్లేదు. చెప్పులు కుట్టే ఒక మాదిగ పెద్దమనిషి దగ్గర కూచున్నాను. ఆయన ముందు ఆరె, రంపె, గూటం, ఒక నున్నటి బండ. నేను బజార్లో కొన్న మెరిసే తోలు తీసుకుపోయాను. కొడితే అచ్చు పడ్డట్టే పడి, కాసేపటికి మాసిపోయింది. "ఇది మందుల తోలు సాబ్, అచ్చును యాదిలో పెట్టుకోదు" అన్నాడు. నిజమే. క్రోమియం లవణాలతో ఊనిన తోలు మెత్తగా ఉండి మళ్లీ పొంగుతుంది. చెట్టు చెక్కతో ఊనిన తోలు మాత్రమే తడిపి కొడితే గుర్తును పట్టుకుంటుంది.

అలాంటి తోలు ముక్కలు తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను. తడిపి వెంటనే కొడితే గీత ఒరిగిపోయింది. ఎండనిచ్చి కొడితే పడనే లేదు. "చెంపకు ఆనిచ్చి చూడాలె. సల్లగుండాలె, తడి అంటొద్దు. రంగు మళ్లవడితే అప్పుడు కొట్టు" అన్నాడు. మొదటి రోజంతా నన్ను సాబ్ అన్నాడు. నాలుగో రోజు ఠప్పా రెండుసార్లు పడి పువ్వు జంట నీడలా వచ్చినప్పుడు మాత్రం "ఏం బిడ్డా, కొట్టుడేనా, చూసుడు లేదా?" అన్నాడు. ఆ పూట నుంచే పని నాకు అంటింది.

ఆయన తాతల కాలంలో తోలు ఊళ్లోనే తయారయ్యేది. సున్నం గుంతలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవాళ్లు. తంగేడు పువ్వు బతుకమ్మ మీదికి పోయేది, తంగేడు చెక్క లందలోకి పోయేది. పువ్వు మోసినవాళ్లు ఊరి నడుమ, లంద మోసినవాళ్లు ఊరి అవతల.

మనం తక్కువ తిన్నామా? దబాగత్ అయిన తోలు పాక్ అవుతుందని మన ఫిఖా చెబుతుంది, పందిది తప్ప. ఆ తోలును ఖురాన్‌కు అట్టగా కట్టి కళ్లకద్దుకున్నాం. తోలు పాక్ అయింది. తోలు ఊనిన చెయ్యి, ఒలిచిన చెయ్యి పాక్ కాలేదు. మసీదు సఫ్‌లో భుజం కలిపి నిలబడ్డవాళ్లమే, ఖసాబుల ఇంటి పిల్లను తెచ్చుకోవడానికి వెనకాడాం. ఇస్లాంలో కులం లేదంటాం, సంబంధం దగ్గర ఖాందాన్ అడుగుతాం. 2007లో వెనుకబడిన ముస్లింలకు రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టంలో ఖురేషీలు, ఖసాబులు, ఫకీర్లు, ధోబీలు, హజాములు వరసగా కనిపిస్తారు. మన నోటితో ఒప్పుకోనిదాన్ని సర్కారు జాబితా అచ్చువేసి చూపించింది.

నిజాం కాలంలో ఉర్దూ దఫ్తరు భాష. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో చదువు చెప్పడానికే పుట్టింది. పుస్తకాలూ రిజిస్టర్లూ ఉన్నన్నాళ్లు జిల్ద్‌సాజ్‌కు కూడు ఉంది. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. రాజ్యం పోయింది, దఫ్తరులో భాష మారింది. మా దాదా ఠప్పాలు పెట్టెలోకి పోయాయి. ముస్లింలంటే నవాబులేనని లోకం అంటుంటే మేమూ నవాబుల నీడలోనే నిలబడాలని చూశాం. పనిచేసి బతికిన చరిత్రను మా చేతులతోనే చెరుపుకున్నాం.

బక్రీద్ తోళ్లు అమ్మి మదర్సాలు పిల్లలకు అన్నం పెట్టిన రోజులుండేవి. ఇటీవలి ఏళ్లలో తోలు ధర పడిపోయి కొనేవాడు లేక పారేసిన సందర్భాలున్నాయి. తోలు విలువ పడితే ఖసాబుకూ, మాదిగకూ, మదర్సా పిల్లవాడికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. నష్టంలో కలిసి ఉన్నవాళ్లం గౌరవంలో ఎందుకు విడిగా ఉండాలి?

2016లో మా ఖానాపూర్ ఆదిలాబాద్ నుంచి నిర్మల్ జిల్లాలోకి మారింది. దాదా తురంజ్ వేసిన నా మొదటి అట్ట వంకరగా వచ్చింది. దానిలోపల ఇద్దరి పేర్లు రాశాను: మా దాదాది, నాకు పని నేర్పిన కాకాది. మొన్న సంబంధంవాళ్లు వచ్చి మీ పెద్దలేం చేసేవాళ్లని అడిగారు. మా అమ్మ నా వైపు చూసింది. జిల్ద్‌సాజ్ అని చెప్పాను. వాళ్లు చాయ్ తాగి వెళ్లారు, ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా ఆ మాట వెనక్కి తీసుకోను.

మీ ఇళ్లల్లోనూ ఒక రేకు పెట్టె ఉంటుంది. తెరిచి చూడండి.