పాలరాతి కొండలు, గోళకీ మఠము

యాత్ర యనగా మనవారికి రెండే యర్థములు తోచును. ఒకటి పుణ్యము కొఱకు పోవుట. రెండవది వేడుక కొఱకు పోవుట. పుణ్యమునకు పోయినవారు నదిలో మునిగి, గుడిలో టెంకాయ కొట్టి, ప్రసాదము మూటగట్టుకొని వత్తురు. వేడుకకు పోయినవారు కొండను చూచి, జలపాతమును చూచి, వాని ముందర నిలిచి ఛాయాపటములు తీసికొని వత్తురు. ఆ చోట పూర్వ మెవరు బ్రదికిరి, ఏమి కట్టిరి, ఎవరికొఱకు కట్టిరి అను ప్రశ్న యీ రెండు తెగలవారికిని అరుదుగా తట్టును. మేమును చిరకాలము ఆ రెండు తెగలలోనే యుంటిమి. నర్మదా తీరమున భేడాఘాటు పాలరాతి కొండలను చూచివచ్చిన పిదప మూడవ విధమగు యాత్ర యొకటి కలదని మాకు తెలిసినది. ఆ సంగతిని చదువరులకు విన్నవించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొన్నటి శీతకాలపు సెలవులలో కుటుంబముతో జబల్పూరు చేరితిమి. మా యక్కగారు కూడ వెంట వచ్చిరి. వారు ముప్పదియేండ్లకే భర్తను గోల్పోయి, మా యింటనే యుండి, మా పిల్లలను పెంచినవారు. నర్మదలో స్నానము చేయవలెనను కోరిక వారిది. పాలరాతి కొండలను చూడవలెనను వేడుక పిల్లలది. త్రిపురిని చూడవలెనను తహతహ మాది. మూడును ఒక్క దారిలోనే తీఱినవి. జబల్పూరునుండి భేడాఘాటు ఇంచుమించు 20 కిలోమీటర్లు. ఆ దారిలోనే తేవర్ అను చిన్న పల్లె యొకటి కలదు. అదియే కలచురి రాజులకు రాజధానియై వెలసిన త్రిపురి. 1939లో కాంగ్రెసు మహాసభ యీ త్రిపురి పేరుతోనే జరిగినది. ఆ సభకు అధ్యక్షు నెన్నుకొనునప్పుడు సుభాసు చంద్రబోసుగారికి పోటీగా నిలిచి యోడినవారు మన పట్టాభి సీతారామయ్యగారు. కావున ఆ పేరు తెలుగువారి చెవికి క్రొత్త కాదు. కాని యంతకు దాదాపు ఏడువందల యేండ్లకు ముందే ఆ సీమకును మన కృష్ణాతీరమునకును బాంధవ్య ముండెనని యెఱిగినవారు కొందఱే.

నర్మద అమరకంటకమున పుట్టి, పడమటికి 1,300 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, ఖంభాతు అఖాతమున సముద్రములో కలియును. మన గోదావరియు కృష్ణయు తూర్పునకు పాఱుచుండగా, నిది యెదురుదారి పట్టిన నది. భేడాఘాటు వఱకు విశాలముగా, నెమ్మదిగా వచ్చిన యా నీరు అచ్చట ఒక్కసారిగా ఇఱుకున పడి, రాతి యంచునుండి క్రిందికి దుముకును. ఆ జలపాతమును అచ్చటివారు ధూఆఁధార్ అందురు. పొగధార యని యర్థము. నీటి తుంపురులు పొగవలె పైకి లేచి, దూరమునుండి చూచువారికి ఏదో ఊరు కాలుచున్నట్లు తోచును. దరికి పోయినకొలది మాటలు వినబడవు. పిల్లలు కేకలు వేయుచున్నారని వారి నోళ్లను చూచి యెఱుగవలసినదే.

జలపాతమునకు దిగువను నది కనుమలో ప్రవేశించును. పంచవటీ ఘట్టమున పడవ యెక్కితిమి. కొంతదూరము పోవువఱకు అది సామాన్యమైన యేరే. పిమ్మట ఒక మలుపు తిరుగగానే ఇరుప్రక్కల నూఱడుగుల యెత్తున తెల్లని గోడలు లేచినవి. తెలుపనిన నొక్క తెలుపు కాదు. ఒకచోట వెన్న, ఒకచోట ఏనుగుదంతము, ఒకచోట లేతగులాబి, మఱియొకచోట నీలి చారలు, పచ్చని మరకలు. నీరు లోతై, నల్లనై, అద్దమువలె కదలక యుండుటచే క్రింద మఱియొక కనుమ తలక్రిందుగా వ్రేలాడుచున్నట్లుండెను. బండల చఱియలలో తేనెతుట్టెలు వ్రేలాడుచున్నవి. రెండు కొండలు మిక్కిలి దగ్గఱకు వచ్చిన తావును బందర్ కూదనీ అందురు. కోతి దుమికిన చోటని యర్థము. పడవవాడు తెడ్డు వేయుచునే ప్రాసలు కట్టి, ప్రతి బండకును ఒక కథ చెప్పి నవ్వించుచుండెను. వెన్నెల రాత్రులలో ఆ కనుమను చూడవలెనని యందఱును చెప్పుదురు. మేము చూచినది సాయంకాలపు టెండలో. అదియు తక్కువ కాదు.

ఈ రాయి పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నూఱు కోట్ల యేండ్లకు పైబడిన పూర్వకాలమున నీటి యడుగున సున్నపు మడ్డి పేరుకొని రాయియైనది. ఆ రాయి భూగర్భమున వేడిమికిని ఒత్తిడికిని లోనై, మఱల స్ఫటికములు కట్టి పాలరాయియైనది. ఇందు సున్నముతో పాటు మెగ్నీషియమును కలదు. నది దానిని దినదినము ఒఱసికొనుచు, జలపాతమును కొంచెము కొంచెముగా వెనుకకు జరుపుచు, ఈ కనుమను కోసినది. మన అనంతగిరి కొండలలోని బొఱ్ఱా గుహలు చూచినవారు దీనిని పోల్చుకొనవచ్చును. అచ్చట నీరు సున్నపురాతి లోపల చొచ్చి, కరగించి, గుహలు తొలిచినది. ఇచ్చట పైనుండి కోసి దారి చేసికొనినది. ఘట్టము పైనున్న అంగళ్లలో విగ్రహములు, దీపపు సెమ్మెలు, బొమ్మలు చెక్కి అమ్ముదురు. వానిలో పెక్కు మెత్తని బలపపురాతితో చేసినవి. మన పిల్లలు పలకమీద అక్షరములు దిద్దిన బలపము ఆ జాతిదే. బడిపంతులమగుటచే మాకా రాయి పాలరాతికంటె ప్రియమైనదిగా తోచినది.

ఇంతవఱకు చూచినది వేడుక యాత్ర. పడవ దిగి, మెట్లెక్కి, కొండమీది చౌసఠ్ యోగినీ దేవాలయమునకు పోయితిమి. అది గుండ్రని గుడి. నడుమ వాకిలి, చుట్టును వలయాకారమున మంటపపు వరుస, దానిలో ఒక్కొక్క గూటిలో ఒక్కొక్క యోగిని. అఱువదినలుగురని పేరేగాని గూళ్లు ఎనుబదికి పైగా నున్నవి. పదియవ, పదునొకండవ శతాబ్దముల నాటి పనితనము. నడుమ గౌరీశంకరుల గుడిలో శివపార్వతులు వృషభము నెక్కి పోవుచున్నట్లు చెక్కిరి. చుట్టునున్న విగ్రహములలో పెక్కింటికి చేతులు విఱిగినవి. కొన్నింటికి ముఖములు లేవు. అయినను పీఠముల మీద ఆయా దేవతల పేర్లు నాగరి యక్షరములలో నింకను చదువనగును. ముఖము పోయినను పేరు నిలిచినది.

ఈ గుట్టకు చెందిన శాసన మొకటి కలదు. అది కలచురి శకము 907, అనగా క్రీ.శ. 1155 నాటిది. గయాకర్ణదేవుని భార్యయు, అప్పటికి రాజ్యమేలుచున్న నరసింహదేవుని తల్లియునగు అల్హణదేవి యిచ్చట వైద్యనాథుడను పేర శివాలయమును కట్టించి, దానితో పాటు ఒక మఠమును, ఒక వ్యాఖ్యానశాలను, ఉద్యానములను నిర్మించి, వాని పోషణకు గ్రామములను దానము చేసెనని ఆ శాసనము చెప్పును. వ్యాఖ్యానశాల యనగా శాస్త్రములు పాఠము చెప్పు చావడి. ఆ శాసనపు రాయి యిప్పుడు నర్మదా తీరమున లేదు. గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున ఫిట్జెడ్వర్డు హాలను అమెరికను సంస్కృత పండితుడు దానిని చదివి ప్రకటించెను. రాయి అమెరికాలోని ప్రాచ్య విద్యా పరిషత్తునకు చేరినది. పేరు చదువగలవారు దానిని సముద్రము దాటించిరి. దాని పేరే యెఱుగని మనము మెట్లెక్కి, గంట కొట్టి, దిగి వచ్చుచున్నాము.

ఆ శాసనార్థమును మేము ముందుగా వ్రాసికొని తీసికొనిపోతిమి. గుడి మెట్లమీద కూర్చుండి మా యక్కగారికి తెలుగున చెప్పితిమి. వారు అంతయు విని, కొంతసేపటికి, “తమ్ముడూ, ఆమె భర్త అప్పటికి లేడు గదా?” అని యడిగిరి. “లేడు, కొడుకు రాజ్యము చేయుచున్నా”డంటిమి. “అయితే ఆమె చేతిమీదుగా గుడి కట్టుటకును, బడి పెట్టుటకును ఎవరును అడ్డు చెప్పలేదన్న మాట” అని మాత్రమే యనిరి. మఱేమియు అనలేదు.

ఆ మాట మమ్ము వదలలేదు. రెండేండ్ల క్రిందట మా దాయాదుల యింట వివాహము జరుగుచుండగా, పెండ్లికూతురికి తలంబ్రాల పళ్లెము నందించుటకు అక్కగారు ముందునకు వచ్చిరి. ఎవరో చేయిపట్టి వెనుకకు నిలిపిరి. మేము చూచితిమి; ఊరకుంటిమి. సంస్కృతము చదివినవారము, ఇంగ్లీషు చదివినవారము, పాఠశాలలో పిల్లలకు వీరేశలింగముగారి చరిత్రము బోధించువారము ఊరకుంటిమి. ఆచారము మీదికి తప్పు నెట్టుట సులభము. ఆ దినమున తప్పు చేసినది మా నోరు.

ఇక తెలుగునాటి సంబంధము చెప్పెదము. కలచురి యువరాజదేవుడు సద్భావశంభువను శైవాచార్యునకు మూడు లక్షల గ్రామముల నిచ్చెననియు, ఆ యాచార్య పరంపరయే గోళకీ మఠమనియు ఒక శాసనమున నున్నది. ఆ సంఖ్య అతిశయోక్తి కావచ్చును. మఠము గొప్పదగుట అతిశయోక్తి కాదు. గోళకి యను పేరు ఈ గుండ్రని గుడినుండియే వచ్చెనని కొందఱు పండితులును, మఠపు మూలస్థానము రేవా సీమలోని గుర్గీ యని మఱికొందఱును వాదించిరి. వాద మెట్లున్నను, ఈ సంగతి చెప్పు శాసనము నర్మదా తీరమున లేదు. గుంటూరుమండలమున మల్కాపురమున నున్నది. అది శకము 1183, అనగా క్రీ.శ. 1261 నాటిది.

ఆ కథ యిది. గౌడదేశపు రాఢసీమలో పుట్టిన విశ్వేశ్వరశంభువు గోళకీ పరంపరలోనివాడై తెలుగుదేశమునకు వచ్చి, కాకతీయ గణపతిదేవునకు గురువయ్యెను. గణపతిదేవుడు కృష్ణ దక్షిణపు టొడ్డుననున్న మందడము నాతని కిచ్చుటకు సంకల్పింపగా, కుమార్తెయగు రుద్రమదేవి దానిని, దానితో పాటు వెలగపూడిని శాసనపూర్వకముగా నిచ్చెను. వంగదేశీయుడు, నర్మదాతీరపు సంప్రదాయము, తెలుగు రాణి. ముగ్గురును కృష్ణయొడ్డున కలిసిరి. ఆ గురువు ఆ గ్రామములతో నేమి చేసెను? విశ్వేశ్వరాలయమును కట్టెను, మఠమును కట్టెను. వేదములకును, తర్కసాహిత్యాగమాదులకును ఉపాధ్యాయులను నియమించెను. ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను నెలకొల్పి వైద్యునికి జీతము నేర్పఱచెను. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని రాతిమీద వ్రాయించెను.

ఏడువందల యేండ్లకు పూర్వము గుడి ఆదాయములో కానుపు వచ్చిన స్త్రీకి భాగమున్నదని చదివినప్పుడు మాకు కలిగిన యానందము చెప్పనలవి కాదు. అట్లని ఆ కాలమును బంగారు కాలమని పొగడుట మా యుద్దేశము కాదు. ఆ గ్రామములను దున్నినవారిని అడిగి ఆ దానములు చేయలేదు. అన్నశాల వాకిలి అందఱికి తెఱచినట్లు వేదపాఠశాల వాకిలియు తెఱచిరని శాసనము చెప్పదు. కాని యొక్కటి నిజము. మన పెద్దలు ధర్మమనినప్పుడు దీపారాధనతో నాగలేదు. పాఠశాలయు, వైద్యశాలయు, పురిటిగదియు అందులో చేరియుండెను. సంస్కరణ మనునది పడమటినుండి పడవలో దిగినదని యెగతాళి చేయువారికి మల్కాపురపు స్తంభము చాలు. వెలగపూడియే 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయమునకు చోటైనది. అచ్చటికి పనులమీద పోవువారు వేలకొలది. ప్రక్కనున్న రాతిని చదివివచ్చువారెందఱు?

కావున గృహస్థులకు మా మనవి యిది. పాలరాతి కొండలను తప్పక చూడుడు. పడవ యెక్కుడు, పిల్లలకు రాతి రంగులు చూపుడు. కాని బయలుదేరుటకు ముందు ఆ చోటి చరిత్రమును ఒక గంట చదువుడు. దారి ఖర్చు లెక్కలో తమ యూరి బడికో, ఆసుపత్రికో కొంత తీసి యుంచుడు, అదియు యాత్రలోనిదే. ఇంటిలో వెనుక గదిలో కూర్చుండుటకు అలవాటుపడిన యక్కలను, పిన్నమ్మలను వెంటబెట్టుకొని పోవుడు. మనము పుస్తకములలో పదిసారులు చదివి దాటిపోయినది వారొక్క ప్రశ్నలో పట్టుకొందురు.

మేము తిరిగి వచ్చితిమి. అక్కగారు నర్మదలో మ్రొక్కుకొన్న సొమ్మును మా యూరి ప్రభుత్వాసుపత్రిలో పురిటివారికి దుప్పట్లు కొనుటకు ఇచ్చిరి. వచ్చు వైశాఖమున మా పెద్దమ్మాయి వివాహము. తలంబ్రాల పళ్లెము మొదట అక్కగారి చేతికే యిత్తుమని మేమును, మా యింటివారును నిశ్చయించుకొంటిమి. బంధువులలో కొందఱు గొణుగుదురు, ఒకరిద్దఱు రాకపోవచ్చును. శాస్త్రమెక్కడ నున్నదని యడిగినవారికి 1155 నాటి శాసనార్థము వ్రాసికొన్న కాగితము మా యొద్ద నున్నది. ఈసారి ఊరకుండము.