సీతమ్మ అయిన అంజమ్మ

ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో, ఆడపిల్ల నాటకం ఆడితే ఊరంతా చెవులు కొరుక్కునేది. మా పట్టిసీమకు గోదావరి ఆవలనున్న పెద్దాపురంలో 1927లో పుట్టిన అంజమ్మ, చిన్నతనంలోనే ముఖానికి రంగు వేసుకుంది. కాకినాడ నాటకాల్లో ఆరితేరింది. సంగీత దర్శకులు ఆదినారాయణరావుగారిని పెళ్ళాడింది.

1947లో సి. పుల్లయ్యగారి ‘గొల్లభామ’తో అంజలీదేవి పేరు మారుమోగింది. పెళ్ళయింది కదా అని ఆవిడ రంగు కడిగేసుకోలేదు. దంపతులిద్దరూ అంజలీ పిక్చర్స్ పెట్టి ‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957) తీశారు. 1963లో ‘లవకుశ’ వచ్చాక, పల్లెల్లో ఆడవాళ్ళు తనను సీతమ్మే అనుకుని మొక్కేవారని ఆవిడే చెప్పారు.

చూశారా! నాటకాలాడేదని మొహం చిట్లించిన లోకమే చేతులు జోడించింది. 2014లో ఆవిడ కన్నుమూశారు. మన పిల్ల ఆటో పాటో నేర్చుకుంటానంటే, కాదనేముందు ఆ అంజమ్మను ఒక్కసారి తలుచుకుందాం.