మాతమ్మకు విడిచిన బిడ్డలు

తిరుపతికి తూర్పునను ఆగ్నేయమునను పుత్తూరు, నారాయణవనము, పిచ్చాటూరు, నాగలాపురము, సత్యవేడు ప్రాంతములందలి పల్లెలలో, ఊరికి ఎడముగా కట్టుకొన్న మాదిగవాడలయందు, మాతమ్మ గుడులు తరచుగా కానవచ్చును. కొన్నిచోట్ల నాలుగు గోడలును కప్పును గల చిన్న కట్టడము, కొన్నిచోట్ల వేపచెట్టు క్రింద పసుపుకుంకుమలు పూసిన రాయి మాత్రమే ఆ తల్లికి ఆలయము. 1911లో ఉత్తరార్కాటు, కడప మండలముల భాగములతో చిత్తూరు మండలము ఏర్పడినప్పుడును, 1960లో తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమునకు పోయినప్పుడును, 2022లో తిరుపతి వేరు జిల్లా అయినప్పుడును, పాలకుల పటములమీది గీతలు మారినవే గాని ఈ తల్లి ఏలుబడి మారలేదు. నేటికిని తమిళదేశమున తిరువళ్లూరు పల్లెలలో మాదిగల సాటివారగు అరుంధతీయులును, ఇవతలి మన పల్లెలవారును ఒకే తల్లికి మ్రొక్కుదురు. ఆ మ్రొక్కులలో ఒకదాని చరిత్రయే నేను వ్రాయబూనినది. పసిబిడ్డను ఆమెకు ఊహ తెలియని కాలముననే దేవతకు సమర్పించుట ఆ మ్రొక్కు. ఆ బిడ్డ పెరిగి పెద్దదైన పిమ్మట ఆ సమర్పణము ఆమెలో ఎట్లు మేల్కొనునో, దానికి మన శాసనకర్తలు ఎందులకు చెవియొగ్గలేదో, అదియే నా విచారణ.

ఈ ఆచారము భయమునుండి పుట్టినది. ఒంటిమీద పొక్కులు లేచి, జ్వరము ముదిరి, వైద్యుడు దూరమై, చేతిలో కాసు లేనప్పుడు, తల్లిదండ్రులు బిడ్డను గుడిలో పరుండబెట్టి, 'బిడ్డ బతికితే నీకే ఇడిచిపెడతాము తల్లీ' అని మ్రొక్కుకొందురు. బిడ్డ బ్రతుకును. మరుసటి జాతరనాడు ఆ పాపకు తలంటి, క్రొత్తబట్ట కట్టి, పూలదండ వేసి, అమ్మవారి యెదుట మెడలో పసుపుతాడు కట్టుదురు. పలకలు మ్రోగును, బంధువులు భోజనము చేయుదురు, ఆనాటికి వాడకంతటికి ఆ బిడ్డయే పెండ్లికూతురు. ఆ దినమున ఆమె యేడ్చుటకు కారణ మేదియు లేదు; ఆమె పొందిన ఆదరము అదివర కెన్నడును పొంది యుండదు. కాని రజస్వల యైన నాటినుండి ఆ పసుపుతాడు తన యర్థమును విప్పుకొనుట కారంభించును. అమ్మవారికి కట్టుబడినదానిని మరియొక పురుషుడు వివాహమాడరాదు. ఎవడైనను ఆమెతో కొంతకాలము కాపురము చేయవచ్చును, విడిచిపోవనువచ్చును. పుట్టిన బిడ్డలకు తండ్రి యెవరని యడుగువారే గాని, నేనని చెప్పువా డుండడు. జాతరలో మాత్రము ఆమె తప్పక ఆడవలెను. బిడ్డగా నున్నప్పుడు బిడ్డపేరుతో పిలిచిన ఊరు అటుపిమ్మట ఆమెను మాతమ్మ యనియే పిలుచును.

కథను బట్టి చూచినచో ఈ దేవత జన్మమే ఒక గాయమునుండి కలిగినది. జమదగ్ని యాజ్ఞచే పరశురాముడు తల్లియైన రేణుకను నరుకబోవగా, ఆమె ప్రాణభీతితో ఒక చండాలస్త్రీని కౌగిలించుకొనెననియు, ఒక్క వ్రేటున ఇరువురి శిరస్సులును తెగెననియు, తిరిగి బ్రదికించునప్పుడు తలలు మారెననియు దక్షిణదేశమంతట చెప్పుకొందురు. కొడుకు చేతిలో తెగిన తల్లి యొకతె, ఏ తప్పును లేకుండ అడ్డువచ్చి తెగినది వేరొకతె; ఆ రెండవ యామె స్మృతియే మాతంగి లేక మాతమ్మ. ఆశ్రయ మిచ్చిన పాపమునకు మెడ నిచ్చిన యీ నిర్భాగ్యురాలిని మాదిగలు తమ తల్లిగా చేసికొనుటలో గొప్ప న్యాయబుద్ధి యున్నదని నా నమ్మకము.

ఆంగ్లేయుల కాలపు గ్రంథములలో కానవచ్చు మాతంగి దీనురాలు కాదు. ఒంగోలు మాదిగలను గూర్చి 1899లో గ్రంథము ప్రకటించిన ఎమ్మా క్లఫ్, 1909లో ఏడు సంపుటములుగా దక్షిణదేశపు కులములను వర్ణించిన థర్‌స్టన్, 1915లో ద్రావిడ దేవతలనుగూర్చి వ్రాసిన ఎల్మోర్, మువ్వురును ఈమెను వర్ణించిరి: పూనకము వచ్చినప్పుడు పెద్దకులములవారిని నోటికి వచ్చినట్లు తిట్టుచు, వారిపై ఉమ్మివేయుచు తిరుగు స్త్రీ, ఆ ఉమ్మి పడినచో పావనమగుదుమని రెడ్లును, కొన్నిచోట్ల బ్రాహ్మణులును తలవంచి నిలుచుట. అందు ఇరువురు క్రైస్తవ ప్రచారమునకు సంబంధించినవా రగుటచే వారి చూపున కొంత యసహ్యము లేకపోలేదు గాని, వారు చూచిన దృశ్యము అబద్ధము కాదు. ఏడాదిలో ఒక్కనాడు ఊరంతటిని తిట్టగల యధికారము! తక్కిన దినములందు ఆ ఊరిలో ఎవ్వడు తలుపు తట్టినను కాదనగల యధికారము మాత్రము లేదు. ఈ ఒక్కనాటి మహిమను పట్టుకొని, మాతంగి స్వతంత్రురాలనియు, కులవ్యవస్థను ధిక్కరించిన ధీర యనియు నేటి పండితులు కొందరు వ్రాయుట చూచుచున్నాను. ధిక్కార మున్న మాట నిజమే. కాని దానికి మూల్యముగా ఒక పసిదాని జీవితమంతయు చెల్లించబడిన సంగతి ఆ వాక్యములలో జారిపోరాదు.

మశూచి భయము ఈ మ్రొక్కునకు మొదటి ప్రాణమైనచో, ఆ వ్యాధితోనే ఈ మ్రొక్కును పోవలసినది. భారతదేశమున మశూచి 1975లో ఆగిపోయెను. 1977లో దేశము దానినుండి విముక్తమైనదని ప్రకటించిరి. అయినను పసుపుతాళ్లు ఆగలేదు. మశూచి పోగా ఆటలమ్మయు, అదియు లేనిచో ఏ జ్వరమో, మూర్ఛయో కారణమైనది. వ్యాధి పోయినను ఆచారము నిలిచినదనగా, దానివలన మేలు పొందువా రెవరో యుండవలెను. పొలము లేని వాడలో, కాపుదల లేని యౌవనవతి ఒకతె యుండుట ఎవరికి సౌకర్యమో, వారే ఈ మ్రొక్కును పోషించిరని నే ననుకొందును.

శాసనముల కథ మరియు విచారకరము. మైనరు బాలికలను వ్యభిచారమునకై అప్పగించుట నేరమని 1860నాటి శిక్షాస్మృతిలోని 372వ సెక్షనే చెప్పినది. మదరాసు శాసనమండలిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పట్టుబట్టి పోరాడగా, 1929లో దేవదాసీల మాన్యములు గుడి సేవ అను నిబంధననుండి విడివడెను. 1947లో సమర్పణమే నేరమై, సమర్పింపబడిన స్త్రీ వివాహమునకు అర్హురాలే యని శాసనము వెలసెను. కాని ఆ వాదములన్నియు పెద్ద దేవాలయములను, వాని మాన్యములను, నాట్యమును చుట్టుకొని సాగినవి. మాదిగవాడలోని పసుపుతాడును సభలో ఎవరు తలచిరి? తరువాత నిజామాబాదు జిల్లా వర్నిలో సంఘసేవిక హేమలతా లవణం, ఇట్లే దేవతకు విడువబడిన జోగినుల నడుమ నివసించి చేసిన కృషి రాష్ట్రమును కదల్చినది. 1988నాటి ఆంధ్రప్రదేశ్ శాసనములో జోగిని పేరుతోపాటు మాతమ్మ పేరును మొదటిసారి అక్షరములకెక్కినది. అటుపిమ్మట 29 ఏండ్లకు, 2017 సెప్టెంబరులో, జాతీయ మానవహక్కుల సంఘము ఈ ఆచారమునుగూర్చియే తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములకు నోటీసు లీయవలసి వచ్చెను.

ఈ శాసనములన్నిటికిని ఒక్కటే చూపు: తాడు కట్టిన దినము. ఆ దినమున సాక్షు లెవరు, పూజారి యెవరు, తండ్రి యెవరు అని అవి యడుగును. నలుబదియేండ్ల స్త్రీలో ఆ దినము ఇంకను జరుగుచునే యున్నదను సంగతి వానికి తెలియదు. బాల్యమున కలిగిన గాయము పెద్దతనమున పైకివచ్చు కథలు నవలలలోను సినిమాలలోను మనకు చిరపరిచితములు. అందు రహస్యము ఏదో యొక చీకటిగదిలో దాగియుండును, కథ చివర దానిని ఎవరో వెలికి తీయుదురు. ఇక్కడ చీకటిగదియే లేదు. జరిగినది పట్టపగలు, పలకల మ్రోతతో, ఊరందరి కన్నులయెదుట జరిగినది. మరుగుపడినది సంఘటన కాదు. అది గాయమని ఒప్పుకొను మాట.

ఈ విషయమున నాకు ఎక్కువగా తోడ్పడినవాడు ఫ్రాయిడు కాదు. 1896లో వియన్నాలో, హిస్టీరియా మూలము బాల్యమందలి అత్యాచారమే యని చెప్పిన యాయన మరుసటి యేటికే ఆ మాటకు వెనుదీసెను. ఆయన శిష్యుడైన హంగేరీ వైద్యుడు ఫెరెంజి 1932లో వీస్‌బాడెన్ మహాసభలో ఆ సత్యమును తిరిగి చేపట్టి, చర్యకంటెను, ఏమియు జరుగలేదను పెద్దల మౌనమే బిడ్డ మనస్సును చీల్చునని చెప్పెను. మన పల్లెలలో ఆ మౌనమునకు మరింత బలము చేకూరినది: ఏమియు జరుగలేదనుటకు బదులుగా, జరిగినది నీ భాగ్య మనిరి. ప్రాణము కాపాడిన తల్లికి ఋణము తీర్చుచున్నా ననుకొను స్త్రీ, తన కోపమును ఎవరిమీద చూపగలదు? మ్రొక్కినది కన్నతల్లి, కాపాడినది దేవత. చివరకు ఆ కోపము ఆమె దేహముననే నిలుచును. 1998లో అమెరికాలోని సాన్‌డియాగోలో వేలాది పెద్దలను విచారించి ప్రకటించిన పరిశోధన, బాల్యమందలి దుఃఖానుభవములు ఎన్ని యెక్కువైన, పెద్దతనమున మనస్సునకును దేహమునకును వచ్చు రోగములు అన్ని యెక్కువయని చూపినది.

పూనకమును నేను రోగమనుట లేదు. శ్రీలంకలో కతరగామ క్షేత్రపు భక్తురాండ్ర జటలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త గణనాథ ఒబెయశేఖర 1981లో ప్రకటించిన గ్రంథమున, స్వంత వేదనను దైవచిహ్నముగా మలచుకొని నిలదొక్కుకొన్న స్త్రీలను చూపెను. మన మాతమ్మలలోను అట్టివా రుండవచ్చును. జాతరనాటి తిట్లు వారికి ఊపిరి కావచ్చును. ఆ ఊపిరిని ఆపుమని నే నెవరికిని చెప్పను. ఏడాది పొడుగునను వారికి వేరొక గొంతు ఈయలేదే యని నా బాధ.

ఈ సీమలోనే గాయపడిన స్త్రీ పగను మహోత్సవముగా జరుపుకొను నగరము గలదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ అవిలాల కైకాలవారి యింట పెరిగినదనియు, కొత్తపెండ్లికూతుండ్రను చెరపట్టు పాలెగాడు ఆమెను సైతము తాకబోగా తన నిజరూపమును చూపెననియు, వాడు పారి దాగగా బైరాగి, బండ, తోటి వేషములలో వెదకి, దొర వేషమున పట్టి తల నరికెననియు కథ. జాతరలో దొర వేషమునకు మరునాటి వేషము మాతంగి. చంపబడిన పాలెగాని భార్యను ఓదార్చుటకు వచ్చునది ఆ మాతంగియే. ఎంత లోతైన భావన! తిరుపతి వీధులలో ఆ వేషము ధరించిన పురుషునికి ఇంటింట హారతులిత్తురు. అక్కడికి ముప్పది నలుబది కిలోమీటర్ల దూరమున, వేషము కాక జీవితమే అదిగా గడుపుచున్న స్త్రీకి ఓదార్పు చెప్పువారు లేరు.

కావున ఈ జిల్లాల చదువరులకు నా విన్నపము చిన్నది. తాడు కట్టుట ఎక్కడ జరిగినను 1988నాటి శాసనమును, లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012నాటి శాసనమును ప్రయోగించుడు. కాని అంతటితో పని ముగిసినదనుకొనవలదు. బడిలోను కచేరిలోను తండ్రి పేరు చెప్పుమని ఆమె బిడ్డలను నలుగురిలో నిలువబెట్టకుడు. వివాహము కాని తల్లి తండ్రి పేరు చెప్పకయే బిడ్డకు జననపత్రము పొందవచ్చునని సుప్రీంకోర్టు 2015లోనే తీర్పు చెప్పినది. తిరుపతిలో వైద్యకళాశాల యున్నది, విశ్వవిద్యాలయము లున్నవి. అందలి మనోవైద్యులును మనశ్శాస్త్ర విద్యార్థులును జాతర లేని దినములలో, పుస్తకములు ప్రక్కన బెట్టి, ఆ వాడలకు పోయి, నలుబదియేండ్లు దాటిన ఆ తల్లుల మాట వినవలెను. ఆ పని రాబోవు జాతరకు ముందే మొదలు కావలెను.