పగోడా అంటే గుడి, దేవుడు, డబ్బు

పగోడా అనగానే మీకేం గుర్తొస్తుంది? బర్మాలో బంగారు గోపురం, లేదా జపాన్ ఫొటోల్లో కనిపించే అంతస్తుల కప్పుల కట్టడం. అంతే కదా? కానీ 18వ శతాబ్దంలో మద్రాసులో ఉన్న ఇంగ్లీషువాణ్ణి అడిగితే వేరే జవాబు వచ్చేది. వాడికి పగోడా అంటే మన గుడి. ఆ గుళ్ళో విగ్రహం కూడా పగోడానే. జేబులో ఉన్న బంగారు నాణెం, అంటే మన వరహా, అదీ పగోడానే. మన భాషలో చెప్పాలంటే పచ్చి ఓవర్‌లోడింగ్ :)

ఈ మాట పోర్చుగీసు 'పగోడ్' నుంచి ఇంగ్లీషులోకొచ్చింది. పోర్చుగీసువాళ్ళకి ఎక్కడ దొరికిందన్న దానిపై పండితులకి ఇప్పటికీ పడదు. భగవతి అన్న మాటే అలా అయిందని కొందరు, పారశీకంలో విగ్రహాల ఇల్లు అనే 'బుత్‌కదా' అని కొందరు, సింహళంలో స్తూపాన్ని పిలిచే 'దాగబ' తిరగబడిందని ఇంకొందరు. నా ఓటు భగవతికే. మిగతా రెండూ కట్టడాల పేర్లు. వాటి నుంచి 'దేవుడు' అన్న అర్థం రావడం కష్టం.

సరే, దేవుడు నాణెం ఎలా అయ్యాడు? దానికి మా చంద్రగిరి దాకా రావాలి. 1586 నుంచి 1614 వరకూ ఏలిన వేంకటపతిరాయలకి చంద్రగిరి కూడా రాజధానే. ఆయన వేయించిన వరహా మీద ఒకవైపు తోరణం కింద నిలబడ్డ వేంకటేశ్వరుడు, రెండోవైపు నాగరి లిపిలో 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని ఉంటాయి. నాణెం మీద ఉన్నది దేవుడు కాబట్టి విదేశీయులు నాణేన్నే దేవుడి పేరుతో పిలిచేశారు. మనవాళ్ళకి మాత్రం అది వరహా, పాత నాణేల మీది వరాహమూర్తి వల్ల వచ్చిన పేరు. వస్తువు ఒకటే, ఎవరి కంటికి కనబడింది వాళ్ళు పేరుగా పెట్టుకున్నారు.

1639లో చంద్రగిరి రాజు సామంతుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఈస్టిండియా కంపెనీ మద్రాసు స్థలం సంపాదించింది. తర్వాత తనూ పగోడాలు కొట్టింది. వాటిలో పేరుమోసిన స్టార్ పగోడాకి ఒకవైపు విష్ణువు, ఒకవైపు నక్షత్రం. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా. 1807 ప్రాంతంలో వేసిన వెండి అర పగోడా ఇంకా తమాషా. ఒకవైపు గోపురం బొమ్మ, చుట్టూ ఇంగ్లీషులో 'హాఫ్ పగోడా'. రెండోవైపు విష్ణువు, చుట్టూ తెలుగులో, తమిళంలో వరహా లెక్క. మూడు అర్థాలూ ఒకే బిళ్ళ మీద!

ఇక తిరుపతి. 18వ శతాబ్దం మధ్యలో ఆర్కాటు నవాబు తన యుద్ధం బాకీల కింద తిరుమల గుడి ఆదాయాన్ని కంపెనీకి రాసిచ్చాడు. 1801లో ఈ ప్రాంతమంతా నేరుగా కంపెనీ చేతికొచ్చింది. 1843లో హథీరాంజీ మఠం మహంతుకి అప్పగించేదాకా గుడి లెక్కలు కంపెనీవాళ్ళే చూశారు. భక్తుడు హుండీలో వేసిన వరహా కంపెనీ పద్దులో పగోడా అయ్యేది. ఒక పగోడా ఆదాయాన్ని ఇంకో పగోడాతో కొలవడమన్నమాట.

అక్కడితో ఆగలేదు. ఇండియా వెళ్ళి తొందరగా డబ్బు చేసుకోవడాన్ని ఇంగ్లీషులో 'పగోడా చెట్టు దులపడం' అనేవాళ్ళు. మద్రాసు కంపెనీ ఉద్యోగులు నవాబుకి భారీ వడ్డీలకి అప్పులిచ్చి, పల్లెల శిస్తులు రాయించుకున్నారు. ఎడ్మండ్ బర్క్ 1785లో దీన్ని పార్లమెంటులో ఏకిపారేశాడు. చెట్టు దులిపినవాడు లండన్ వెళ్ళి బంగళా కట్టుకున్నాడు. ఆ చెట్టు వేళ్ళు మాత్రం చిత్తూరు, ఆర్కాటు రైతు పొలాల్లో ఉన్నాయి.

1818లో మద్రాసులోకి రూపాయి వచ్చింది, పగోడాని మూడున్నర రూపాయలకి లెక్కగట్టారు. నాణెం పోయింది, అర్థమూ పోయింది. మాట మెల్లగా తూర్పు దేశాల గోపురాలకే మిగిలిపోయింది. ఇప్పుడు డిక్షనరీలో మొదటి అర్థం అదే, మన వరహా కిందెక్కడో ఉంటుంది.

ఆన్‌సైట్ వెళ్ళేవాణ్ణి 'డాలర్ చెట్టు దులపడానికా' అని మనం ఏడిపిస్తుంటాం. ఒక్క తేడా ఉందిలెండి. మనం పని చేసి జీతం తీసుకుంటున్నాం, వాళ్ళు పొలం పండకముందే శిస్తు రాయించుకున్నారు. ఆ తేడా మర్చిపోకుండా ఉండటానికైనా ఈ పదం కింది అర్థాల దాకా స్క్రోల్ చేయాలి.