జిగురు టైరూ, తీగ టైరూ

ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో ఎలా సాధించాడో చరిత్రకారులు విస్తారంగానే రాశారు. ఆ కొండపాదం నుంచి ఆత్మకూరు దాకా మా మెట్టదారుల్లో పాలకేన్లనూ, జొన్నబస్తాలనూ మోసిన సైకిలుకు అంతటి భాగ్యం పట్టలేదు. ఆ సైకిలు చరిత్రలో నాకు అమితాసక్తి కలిగించే ప్రశ్న ఒకటుంది: టైరును చక్రానికి పట్టి ఉంచేదేమిటి?

మన సైకిలు టైరు అంచుల్లో రెండు ఉక్కు తీగలుంటాయి. అవి సాగవు గనుక, గాలి నిండగానే టైరు రిమ్ము అంచుల మధ్య బిగుసుకుంటుంది. గాలి తీస్తే సులువుగా ఊడివస్తుంది. పందెపు సైకిళ్ళకు శతాబ్దానికి పైగా వాడిన ట్యూబులార్ టైరు తీరు వేరు. అందులో ట్యూబును లోపల పెట్టి గుడ్డపొరను చుట్టూ కుట్టేస్తారు. రిమ్ముకు నిలువు అంచులుండవు, పల్చని గాడి మాత్రమే ఉంటుంది. ఆ గాడిలో జిగురు పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసి, టైరును లాగి ఎక్కించి ఒక రాత్రి వదిలేయాలి. ఈ ప్రయాస తగ్గించేందుకు వచ్చినదే రెండువైపులా అంటుకునే టేపు. చెక్ దేశపు టూఫో వంటి సంస్థలు దీన్ని తయారుచేస్తున్నాయి. రిమ్ము చుట్టూ టేపు అతికించి, టైరు ఎక్కించి, పైకాగితం లాగేసి గాలి కొడితే చాలు, పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది.

ఈ రాత్రి నిరీక్షణే ఒక పరిశ్రమను మలుపు తిప్పింది. బెల్ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు పొందాడు. అతని తొలి టైర్లు చక్రానికి అంటించినవే. 1889లో ఒక ఆంగ్లేయుడు పంక్చరైన అలాంటి టైరుతో ఫ్రాన్సులోని క్లెర్మాంట్ ఫెరాండ్‌లో మిషెలిన్ సోదరుల రబ్బరు కర్మాగారానికి వచ్చాడు. బాగుచేయడానికి మూడు గంటలు పట్టింది, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. మర్నాడు ఎదువార్ మిషెలిన్ దానిమీద సవారీకి బయలుదేరితే కొద్ది దూరంలోనే మళ్ళీ గాలి పోయింది! విప్పదగిన టైరు కావాలన్న పట్టుదల ఆయనకు అక్కడే పుట్టింది. 1891లో ఆ టైర్లతోనే షార్ల్ తెరాఁ పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం గెలిచాడు. ఇంగ్లండులో చార్ల్స్ వెల్చ్ అంతకు ముందే, 1890లో, అంచులో తీగ ఉన్న టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఉదయగిరి దాకా వచ్చింది ఈ వెల్చ్ తీగే.

1936లో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో డన్‌లప్ టైర్ల కర్మాగారం వెలిసింది. 1949లో మద్రాసు చేరువన అంబత్తూరులో హెర్క్యులిస్ సైకిళ్ళను తయారుచేయడానికి సంస్థ ఏర్పడింది. నెల్లూరు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పల్లెల బరువు సైకిలుకు స్థిరపడిన టైరు కొలత 28 × 1½ అంగుళాలు. దాని తీగ కూర్చునే చోట రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొలత ఒక్కటే గనుక ఏ ఊరి కొట్లోనైనా టైరు దొరికేది.

పల్లేరుకాయలూ తుమ్మముళ్ళూ నిండిన మా నేల మీద పంక్చరు నిత్యకృత్యం. పంక్చరు షాపువాడు టైరు ఒకపక్క అంచు మాత్రమే విప్పి, ట్యూబును బయటికి లాగి, నీళ్ళ బేసినులో ముంచి బుడగ చూస్తాడు. ఆకురాయితో గీరి, సొల్యూషన్ రాసి, ముక్క అతికిస్తాడు. జిగురు ఇక్కడా ఉంది, కాని అది పట్టి ఉంచేది బొటనవేలంత ముక్కనే. టీ తాగేలోగా పని పూర్తి! అదే ట్యూబులార్ అయితే కుట్లు విప్పి, చిల్లు వెతికి, తిరిగి కుట్టి, మళ్ళీ అంటించాలి. పాలు విరిగేలోగా ఆత్మకూరు చేరవలసినవాడికి అది జరిగే పనేనా? పేదవాడికి అందింది నాసిరకం టైరని కొందరనడం విన్నాను, నేనొప్పుకోను. ట్యూబులార్ తేలికే, వేగమే. కాని పంక్చరయితే మార్చేందుకు వెనుక కారు నడిచేవాడి టైరు అది.

పైగా మా ఎండ ఒకటుంది. 2003 జులై 14న టూర్ ద ఫ్రాన్స్‌లో, గ్యాప్ పట్టణానికి దిగే వాలులో, ఎండకు కరిగిన తారు మీద హోసెబా బెలోకి బ్రేకు వేయగా చక్రం జారింది, వెనుక టైరు రిమ్మును వదిలేసింది. తొడ ఎముక విరిగి అతని పందెం అక్కడితో ముగిసింది. బ్రేకు వేడికి రిమ్ము కాగితే జిగురైనా మెత్తబడవచ్చు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఉదయగిరి ఎండలో, వెనుక రెండు బస్తాలతో, టేపును నమ్మి ఎవరు దిగుతారు?

అన్నట్టు, మన చక్రానికీ ఒక టేపుంది. పుల్లల కొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము లోపల చుట్టే పట్టీ అది. కొత్తది కొనకుండా పాత ట్యూబును పొడవునా కోసి చుట్టేవారు. దానికి జిగురు అక్కరలేదు.