మాలీషు చేతుల చరిత్ర

కడప జిల్లాలో సాయిబుల చరిత్ర అడిగితే అందరూ గండికోట దారి చూపిస్తారు. అక్కడ జామియా మసీదు ఉంది, మీర్ జుమ్లా కథ ఉంది. కడపకొస్తే మయానా నవాబులున్నారు. సరే. జమ్మలమడుగు నల్లరేగడి పత్తిని ఏకిన దూదేకుల సాయిబు, ప్రొద్దుటూరులో గడ్డాలు గీసి ఒళ్లు పట్టిన హజ్జాం ఏ నవాబుకు మనవళ్లు? వాళ్ల చరిత్ర ఎక్కడుంది?

వాళ్ల ఒంటినొప్పుల్లో ఉంది. ఏకుడు విల్లు మోగించి మోగించి దూదేకులాయన భుజం పోయింది. ప్రొద్దుటూరులో గుంట మగ్గం మీద వంగిన నేతగానికి వెన్ను పోయింది. నాపరాయి గనుల్లో బండలెత్తినోనికి నడుం పోయింది. పులివెందుల పక్క శెనక్కాయలు పెరికి, ఒలిచిన ఆడమనిషికి వేళ్లు, మెడ పోయాయి. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు డాక్టర్లు. మా వాళ్లలో ముప్పై ఏళ్లుగా మోస్తున్నవాళ్లున్నారు.

ఈ నొప్పికి మందెక్కడిది? మంగలి అంగట్లో మాలీషు. ఇంట్లో నానీ కాచిన నూనె. అదీ లేకుంటే పిల్లల్ని పిలిచి నడుం తొక్కించుకోవడం.

ఇది మొరటు వైద్యమని నవ్వేవాళ్లకు ఒక మాట. మర్దనను యునానీలో ‘దల్క్’ అంటారు. ఇబ్న్ సీనా (980-1037) తన ‘అల్ ఖానూన్’లో దాన్ని రకాలుగా విడదీసి చెప్పాడు. గట్టిగా రుద్దితే ఒళ్లు బిగుస్తుంది, మెత్తగా రుద్దితే సడలుతుంది, ఎక్కువసేపు రుద్దితే చిక్కుతుంది, మితంగా రుద్దితే పుష్టి పడుతుంది. ‘హజ్జాం’ అనే మాట కూడా వైద్యం మాటే. హిజామా, అంటే కొమ్ము పెట్టి చెడు రక్తం తీసేవాడని అర్థం. వైద్యుని పేరు రానురాను మంగలి కులం పేరై కూచుంది.

అదే చెయ్యి సముద్రం దాటితే గౌరవం వచ్చింది. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాల ఇల్లు పెట్టి, కీళ్లనొప్పుల వాళ్లకు మర్దన చేశాడు. దాని మీద 1822లో పుస్తకం వేశాడు. నాలుగో జార్జి రాజుకు మర్దన వైద్యుడయ్యాడు. నొక్కు అని అర్థమొచ్చే మన ‘చాంపో’యే ఇంగ్లీషులో ‘షాంపూ’ అయింది. రాజును పట్టిన చెయ్యి వైద్యుని చెయ్యి. కూలోణ్ణి పట్టిన చెయ్యి మాత్రం మంగలి చెయ్యి!

ఇస్లాంలో కులం లేదంటారు. ధర్మం అదే చెప్పింది. మరి నిఖా మాటల దగ్గర సయ్యదులు, పఠాన్లు హజ్జాం ఇంటి గడప ఎందుకు తొక్కరు? నడుం పట్టేస్తే ఆ చెయ్యి కావాలి, పిల్లనిచ్చేటప్పుడు ఆ ఇల్లు వద్దు. దూదేకులోళ్లు బి.సి.-బి జాబితాలో ఉన్నారు. 2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ‘హజ్జాం, నాయి, నాయి ముస్లిం, నవీద్’ అనే పేర్లు బి.సి.-ఇలో చేరాయి. మసీదులో భుజం కలిపి నిలబడినా బయట పలకని పేర్లు సర్కారు కాగితం మీద కనబడ్డాయి.

మాలీషు అన్నిటికీ మందని నేననను. నడుంనొప్పికి అది కొన్నాళ్లు ఉపశమనమిస్తుంది. విరిగిన ఎముక మీద, మొద్దుబారిన కాలు మీద ప్రయోగం చేస్తే ప్రమాదం. చదువుకున్న చెయ్యి కావాలి. యునానీ కాలేజీల్లో ‘ఇలాజ్ బిత్ తద్బీర్’ పేరుతో ఇదే దల్క్ చెబుతున్నారు. ఆ బెంచీల మీద తరతరాలుగా ఈ పని చేసిన ఇళ్ల పిల్లలెందరు? లెక్క తీయండి.

మా చరిత్ర రాసేవాళ్లు ఇంక గండికోట దిగి రావాలి. ప్రొద్దుటూరు మంగలి అంగట్లో కూచుని, ఎవరి నొప్పిని ఎవరు పట్టారో అడిగి రాసుకోవాలి.