విద్యార్థి సంఘములు – వాని పూర్వ చరిత్ర

రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమేదైన వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. కావ్యములను గురుముఖమున గాక, ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే కూర్చుండి చదువుకొన్నవాడను. గ్రంథాలయముల చరిత్రను పెద్దలు వ్రాయుదురు గావున, వానిని నడపువారు తయారైన చోటును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. ఆ చోటు పాఠశాలలోని విద్యార్థి సంఘము.

తరగతిలో గురువు చెప్పును, శిష్యుడు వినును. సంఘములో శిష్యుడే చెప్పును; తోడివారు విందురు, కాదందురు, మరల విందురు. అధ్యక్షుని ఎన్నుకొనుట, తీర్మానము వ్రాయుట, చందా వసూలు చేసి లెక్క అప్పగించుట అను మూడు విద్యలును ఏ వాచకమునందును లేవు. అవి చేసి నేర్వవలసినవి.

మన దేశమున ఈ ఒరవడి పెట్టిన ఊళ్లలో రాజమహేంద్రవరము ముఖ్యమైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు అచ్చట తెలుగు పండితులుగా నుండి, న్యాయస్థానములలోని అక్రమములను ఎత్తిచూపు ‘వ్యవహార ధర్మబోధిని’ని రచించి 1880లో విద్యార్థులచే ఆడించిరి. అంతకు రెండేండ్ల ముందే, అనగా 1878లో, సంఘసంస్కరణ సమాజమును స్థాపించియుండిరి. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహము జరిపించినపుడు ఊరి పెద్దలు పలువురు వెలివేతకు పూనుకొనగా, విద్యార్థులు పంతులుగారి ప్రక్కన నిలిచిరి. పెద్దలు సందేహించిన చోట పిల్లలు అడుగు ముందుకు వేసిరి.

1907లో బిపిన్ చంద్రపాలుగారు ఆ పట్టణమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి కళాశాలకు పోయిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దొర దానిని సహింపలేదు. ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. విద్యార్థులు రాజకీయ సభలకు పోరాదని నిర్బంధించు రిస్లీ సర్క్యులరు వెలువడినదియు ఆ సంవత్సరముననే. ప్రభుత్వము దృష్టిలో మంచి విద్యార్థి సంఘమనగా నోరు మెదపని సంఘమే. అయినను గాడిచర్లవారు నోరు మెదపక మానలేదు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికా రచనకు కారాగారమున కేగిరి. తరువాతి కాలమున గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును పెద్దదిక్కైరి. కళాశాల గెంటివేసిన విద్యార్థి, కళాశాల ముఖము చూడనివారికి పుస్తకము చేర్చుటకు పాటుపడెను! 1914లో బెజవాడయందు ప్రారంభమైన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘపు చరిత్రలో ఆయన పేరు మరువరానిది.

మన విశాఖపట్టణమును మరువరాదు. అచ్చటి కవితాసమితి విద్యార్థి సంఘము గాకున్నను యువకుల గోష్ఠి. 1928లో శ్రీశ్రీగారి తొలి పుస్తకము ‘ప్రభవ’ను ఆ సమితియే ప్రకటించెను. అప్పటికి కవి వయస్సు పదునెనిమిదేండ్లు. కొత్త కవికి మొదట కావలసినది కీర్తి కాదు. చెవియొగ్గి వినువారు పదిమంది.

స్వాతంత్ర్యానంతరము సంఘముల తీరు మారినది. 1948లో జాతీయ విద్యార్థి సైనికదళము ఏర్పడెను. 1950లో భారత స్కౌట్సు, గైడ్సు సంస్థ రూపొందెను. 1952–53 నాటి మాధ్యమిక విద్యా సంఘము, లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన, పాఠ్యేతర కార్యక్రమములును విద్యలో భాగమే యని చెప్పెను. 1969లో మొదట విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము ఆరంభమైనది. వీనివలన క్రమశిక్షణయు సేవాబుద్ధియు పల్లెబడులకు గూడ వచ్చినవి. ఇది గొప్ప లాభము. కాని పైనుండి వచ్చిన ఉత్తరువుతో ఏర్పడు సంఘము వేరు, పిల్లలు తమంత తాము కూర్చుకొను సంఘము వేరు. మొదటిదానికి దస్త్రము ముందు పుట్టును, రెండవదానికి కోరిక ముందు పుట్టును.

నా చిన్ననాట మా బడిలో ఒక సాహిత్య సంఘమును, ఒక లిఖిత పత్రికయు, ‘సంచయిక’ యను పొదుపు ఖాతాయు ఉండెను. 1983లో తొమ్మిదవ తరగతి చదువుచు నేను సాహిత్య సంఘమునకు కోశాధికారినైతిని. చందా రెండు రూపాయలు. చెల్లింపనివారికి వక్తృత్వపు పోటీలో ప్రవేశము లేదని నిబంధన. పూలతోటల కూలికి పోవు ఇంటి బాలుడొకడు మా అందరికంటె చక్కగా మాటలాడగలవాడు, చందా కట్టలేకపోయెను. నేను అతని పేరు కొట్టివేసితిని. ఎవరును నన్ను తప్పుపట్టలేదు. లెక్క సరిగా నున్నదని మెచ్చుకొనిరి. ఆ దినమున అతడు కిటికీ బయట నిలిచి మా ఉపన్యాసములు వినెను. మరుసటి ఏడు బడి మాని, ఆనందపురము పూలసంతకు గంపలు మోసెను.

భారతము ఆదిపర్వమున కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టము చదివినప్పుడెల్ల నాకా కిటికీ జ్ఞాపకమునకు వచ్చును. కర్ణుడు విల్లు చేతబట్టి రంగమున నిలువగా కృపాచార్యుడు అతని కులమునడిగెను. కర్ణుడు తలవంచెను. నేను అడిగినది కులము కాదు, రెండు రూపాయలు. కాని తలవంచుట యొక్కటియే.

ఈ గ్రంథాలయము స్థాపించిన దినములలో, పుస్తకము ఇంటికి కొనిపోవువారికే చందా యుండవలెననియు, ఇచ్చట కూర్చుండి చదువువారికి ఉండరాదనియు పట్టుబట్టినవారిలో నేనొకడను. కారణము ఆనాడు చెప్పలేదు, ఇపుడు చెప్పితిని. ఆ స్నేహితుడు మాత్రము ఈ గడప నెన్నడును త్రొక్కలేదు. నేనును పోయి పిలువలేదు.

కార్యవర్గమువారికి నా మనవి యొక్కటే. ప్రతి శనివారము సాయంకాలము మన వసారాను బడిపిల్లల సంఘమునకు విడిచిపెట్టుడు. బాలురును బాలికలును సమముగా కూర్చుండవలెను. అధ్యక్షుని వారే ఎన్నుకొనవలెను, తీర్మానముల పుస్తకము వారే వ్రాయవలెను. చందా వలదు. ఆ పుస్తకమును మన బీరువాలో భద్రపరుపుడు. స్వర్ణోత్సవమునాడు దానిని తెరచి చదువువారు మన చరిత్రను మనకంటె బాగుగా వ్రాయుదురు.